పేరు దేవునికి తెలుసు

ఆ కబురు నాకు మొదట మోసుకొచ్చింది మా ఆడవాళ్ల హోమ్‌లో కంప్యూటరు మీద పనిచేసిన అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, గుడివాడలో ఒక ఆఫీసులో ఉద్యోగం. ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర నేను చెప్పులు వెతుక్కుంటుంటే ఎదురుగా వచ్చి నిలబడింది. పిల్లల్ని వదిలి బందరు దాకా బస్సెక్కి వచ్చిందంటే మామూలు సంగతి కాదనుకున్నాను.

“వచ్చేసిందాంటీ,” అంది.

“ఏమొచ్చింది? వందనం కూడా లేకుండా?”

“వందనాలాంటీ. రూల్స్ వచ్చాయి. గవర్నమెంటు ఒప్పుకుంది.”

మెట్టు మీద కూర్చుని ఫోను తీసి చదివింది. ఆఫీసు భాష, అందులో సగం ఇంగ్లీషు. నాకర్థమయ్యేలా తనే విడమరిచి చెప్పింది. మనిషి గుర్తింపు ఆ మనిషి చేతిలోనే ఉండాలట. అడిగినవాళ్లకి ఎంత అవసరమో అంతే చూపించాలట. వయసు అడిగితే వయసు చూపిస్తే చాలు, ఊరూ, మొగుడి పేరూ, ఫోను నంబరూ చూపించనక్కర్లేదట. చూపించిన సంగతి ఆ మనిషి ఇష్టం లేకుండా మూడో మనిషికి చేరకూడదట. ఇవి సూత్రాలు, ఇక ముందు పెట్టే ఏర్పాట్లన్నీ వీటి ప్రకారమే ఉండాలని ప్రభుత్వం ఆమోదించిందట.

మూడో మనిషికి చేరకూడదన్న మాట దగ్గర ఆ పిల్ల చదవడం ఆపి నా వంక చూసింది. ఎందుకాపిందో నేను అడగలేదు. ఇద్దరం ఒకే మనిషిని తలుచుకుంటున్నాం.

దేవునికి స్తోత్రం చెప్పడం నాకు ఊపిరి పీల్చుకోవడం లాంటిది. బస్సు దొరికితే స్తోత్రం, దొరక్కపోతే నిలబడ్డ చోట నీడ ఉన్నందుకు స్తోత్రం. “పప్పు మాడితే వాసన తెలిసింది గదా, ముక్కు బాగుంది స్తోత్రం అంటారు మా అమ్మగారు” అని హోమ్‌లో ఆడవాళ్లు నన్ను వెక్కిరించేవాళ్లు. ఆ ఆదివారం మాత్రం నోరు పెగల్లేదు. సంతోషించాల్సిన కబురు విని, ఎండలో మెట్టు మీద ఉత్తినే కూర్చున్నాను.

ఇలాంటి హోముల్లో, ఆఫీసు కౌంటర్లలో ఉద్యోగానికి కొత్తగా చేరుతున్న మీలాంటి పిల్లల కోసం ఏదైనా ఒక అనుభవం రాయమని నన్ను అడిగారు. గెలిచినవి కొన్ని ఉన్నాయి, దేవుని దయ వల్ల. కానీ రాయడానికి కూర్చుంటే ఇదొక్కటే వస్తోంది.

నేను బడికి వెళ్లినదాన్ని కాదు. చిన్నప్పుడు నాకు మూర్ఛ వచ్చేది. బడిలో పడిపోతే ఊరంతా తెలుస్తుందని మా అమ్మ పంపలేదు. వాకిట్లో ఇసుక పోసి తనే అక్షరాలు దిద్దించింది, బైబిలు చదివించింది, చింతగింజలతో లెక్కలు చెప్పింది. పెద్దయ్యాక పదో తరగతి ప్రైవేటుగా కట్టాను.

మా మందిరంలో బుధవారం కూడికకి ప్రార్థన అవసరతలు చెప్పుకునే ఆచారం ఉంది. ఒక్కొక్కరే లేచి పేరూ, ఊరూ, కష్టమూ చెబుతారు. సంఘమంతా వాళ్ల కోసం ప్రార్థిస్తుంది. పైకి చెప్పుకోలేని కష్టమైతే, “ఒక సహోదరి కొరకు ప్రార్థించండి, పేరు దేవునికి తెలుసు” అంటారు. అంతటితో ఇంకెవరూ తరచి అడగరు. ఎవరబ్బా అని తల తిప్పి చూడటం కూడా మర్యాద కాదు. తిప్పి చూసేవాళ్లు ఉంటారు, అది వేరే సంగతి. మా అమ్మ ఏళ్ల తరబడి అలాగే లేచి నిలబడి, “ఒక బిడ్డ కొరకు, పేరు దేవునికి తెలుసు” అనేది. ఆ బిడ్డ తన పక్కన జడ లాక్కుంటూ కూర్చున్న నేనేనని ఊరికి తెలియలేదు. జబ్బు తగ్గింది, పెళ్లయింది, ఉద్యోగమొచ్చింది. ఒక పేరు పైకి రాకపోవడం వల్ల నాకు దొరికిన బతుకు ఇది.

ఆ ఉద్యోగమే బందరులో, నిలువనీడ లేని ఆడవాళ్లను ఉంచే హోమ్‌లో వార్డెన్‌గా. కొట్టించుకుని వచ్చినవాళ్లు, తరిమేస్తే వచ్చినవాళ్లు, ఊరికే బస్సు దిగి ఏడుస్తుంటే ఎవరో చేయి పట్టుకుని తెచ్చి దింపినవాళ్లు. అన్నం, చాప, కొన్నాళ్లు నిద్ర. మేమిచ్చేది అంతే.

మా పనిలో ఒక్క సంగతి మీకు తెలియాలి. వచ్చిన ప్రతి మనిషి గుర్తింపు కార్డు నంబరు కంప్యూటర్లో కొట్టి, ఆమె బొటనవేలు మెషీను మీద పెట్టించాలి. అప్పుడే ఆమె మా లెక్కలోకి వస్తుంది, ఆమె భాగం బియ్యమూ పప్పూ వస్తాయి. వేలు పెట్టగానే, కార్డుకి కట్టి ఉన్న ఫోనుకి ‘మీ కార్డు ఫలానా చోట వాడారు’ అని మెసేజ్ వెళ్తుంది. దొంగచాటుగా ఎవరైనా వాడుకుంటే తెలియాలని మంచికే పెట్టారు. అయితే మా వైపు ఇంటికొకటే నంబరు. కార్డులు తీయించుకునే రోజున ఇంటాయన ముందు నిలబడి తల్లికీ, పెళ్లానికీ, పిల్లలకీ అందరికీ తన నంబరే చెబుతాడు. అందులో చెడేమీ ఎవరికీ కనబడలేదు. నా కార్డుకీ మా ఆయన నంబరే ఉండేది. ఆయన పోయాక కూడా చాలాకాలం నేను ఎక్కడ వేలు పెట్టినా కబురు ఆయనకే వెళ్లేది.

కొన్నేళ్ల కిందట ఒక మధ్యాహ్నం గుడివాడ బస్సు దిగి ఒకామె వచ్చింది. ముదినేపల్లి అవతల చేపల చెరువు గట్టు మీద కాపురం. మొగుడు ఆ చెరువులకి కాపలా. మనిషి నెమ్మది. ఎడమచేతి చిటికెన వేలు పక్కకి వంకరపోయి ఉంది. అన్నం పెట్టాక మా అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని పిలిచింది.

“కార్డుందా అక్కా?”

“ఉంది. ఏలు మాత్రం పెట్టను.”

“పెట్టకపోతే నీ భాగం బియ్యం రావు మరి.”

“రాకపోతే గంజి తాగుతా. ఏలు పెడితే ఆయన ఫోను మోగుద్ది.”

అంతకుముందు ఒకసారి పారిపోయి కూచిపూడిలో చిన్నమ్మ దగ్గరకు వెళ్లిందట. మొగుడు తలుపు సందులో పెట్టి నొక్కిన ఆ చిటికెన వేలు చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్తే కార్డడిగారు, బొటనవేలు పెట్టించుకున్నారు. “కట్టు కట్టడం ఇంకా అవనే లేదమ్మా, గుమ్మంలో నిలబడున్నాడు. నవ్వుతా ఉన్నాడు,” అంది. ఈసారి దొరికితే చెరువులో వేస్తానన్నాడట. ఆ మాట కూడా నవ్వుతూనే అన్నాడట.

ఆమె నంబరు మార్పించడానికి నేనే కార్డుల సెంటర్‌కి వెళ్లి అడిగాను. అక్కడి కుర్రాయన మర్యాదస్తుడు, కుర్చీ వేశాడు.

“మార్చొచ్చండీ, ఎంతసేపు? ఆవిడొచ్చి వేలు పెట్టాలి.”

“పెడితే పాత నంబరుకి తెలుస్తుందా నాయనా?”

“తెలుస్తుందండీ. మీ నంబరు మారుస్తున్నాం, ఇష్టమేనా అని దానికేగా ముందు మెసేజ్ వెళ్లేది. సేఫ్టీ కోసమండీ.”

దొంగ భయంతో తాళం మార్చుకోవాలంటే ముందు దొంగకి కబురు పెట్టాలన్నమాట. నేను నవ్వాను. ఆయనా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. ఇంటికొచ్చేదాకా ఆ నవ్వు నాకు చేదుగా తగులుతూనే ఉంది.

అందుకని ఆమెను లెక్కలో వేయకుండానే ఉంచుకున్నాం. పై ఆఫీసులో సారుకి ఫోను చేసి దాచకుండా చెప్పాను.

“పేరు లేని మనిషికి అన్నమెట్లా పెడతారమ్మా?” అన్నారాయన.

“ఆకలి ఉంది కదండీ. మాకు తెలియాల్సింది అదొక్కటే.”

“మీరు బాగానే మాట్లాడతారు. ఇన్‌స్పెక్షన్‌కి వస్తాం. అప్పుడు లెక్కలో లేని మనిషి కనబడితే హోమే మూసేస్తారు, మిగతావాళ్లు రోడ్డు మీద పడతారు. చూసుకోండి.”

ఆయన చెడ్డాయన కాదు. మీకూ ఇలాంటి అధికారులే ఎదురవుతారు. వాళ్ల చేతుల్లో ఉండేది ఆ ఒక్క మాటే.

సాయంకాలం మా ప్రార్థనలో ఆమె వెనక గోడకి ఆనుకుని కూర్చునేది. మా మందిరం మనిషి కాదు, ఏ మందిరానికీ వెళ్లినట్టు లేదు. ఒకరోజు అవసరతలు చెప్పుకుంటుంటే తనూ చెయ్యెత్తింది.

“పేరు చెప్పకుండా అడగొచ్చా అమ్మా?”

“అడగొచ్చు. పేరు దేవునికి తెలుసు అను, చాలు.”

“అంతేనా? కార్డక్కర్లేదా?”

అందరూ పకపకా నవ్వారు, ఆమె కూడా. ఆమె నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే. అప్పటినుంచి ఆ మాట ఆమెకు ఊతపదమైపోయింది. కూరలో ఉప్పెవరు వేశారని అడిగితే, “పేరు దేవుడికి తెలుసు” అనేది.

మా అమ్మాయి సంగతి చెప్పాలి. కంప్యూటరు అమ్మాయి. బంగారం లాంటి పిల్ల. ఇన్‌స్పెక్షన్ దగ్గర పడేకొద్దీ అన్నం మానేసింది. హోమ్ మూస్తే వీళ్లంతా ఏమవుతారు, ఆంటీ ఉద్యోగం ఏమవుతుంది అని దానికి దిగులు. నేను వేరే ఆమెను తీసుకుని అవనిగడ్డ కోర్టుకి వెళ్లిన రోజున దానికో ఉపాయం తట్టింది. మా కంప్యూటర్లో ఫోను నంబరు అని ఒక గడి ఉంటుంది. అందులో తన నంబరు కొడితే మెసేజ్ తనకే వస్తుంది కదా అనుకుంది. ఆమెను కూర్చోబెట్టి చెప్పింది, తన ఫోను ఆమె చేతికే ఇచ్చింది. ఆమె చాలాసేపు ఆలోచించి, “నా మూలంగా వీళ్లంతా రోడ్డున పడకూడదులే” అని బొటనవేలు పెట్టిందట. మెసేజ్ ఆ చేతిలోని ఫోనుకే వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారట సంతోషంతో.

నేను బస్సు దిగి వచ్చేసరికి ఇద్దరూ గుమ్మంలో ఉన్నారు. “స్తోత్రం చెప్పండాంటీ!” అంది అమ్మాయి. చెప్పాను. మనస్ఫూర్తిగా చెప్పాను. ఆ మెసేజ్‌లు ఎలా వెళ్తాయో నాకూ తెలియదు.

గడిలో కొట్టిన నంబరుకి ఒక మెసేజ్ వెళ్తుంది, కార్డుకి కట్టి ఉన్న నంబరుకి ఇంకోటి వెళ్తుంది. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున అతను వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో బందరు లడ్డూ పెట్టె. బందరులో వాళ్లకి బందరు లడ్డూ తెచ్చిన మొదటి మనిషి.

“నమస్కారమండీ మేడంగారూ. మా ఇంటిదాన్ని తీసుకెళ్దామని వచ్చానండీ.”

“ఇక్కడ ఎవరున్నారో, ఎవరు లేరో బయటవాళ్లకి చెప్పం నాయనా.”

“మీరు చెప్పక్కర్లేదండీ. గవర్నమెంటే చెప్పింది.” ఫోను తిప్పి చూపించాడు. అందులో మా హోమ్ పేరు, మా వీధి పేరు, నిన్నటి వేళ అన్నీ ఉన్నాయి. “ఎంత మంచి ఏర్పాటో చూడండి. పాపం దానికి మతి సరిగ్గా ఉండదండీ, ఎటెళ్లిపోద్దో తెలీదు. ఇది లేకపోతే నేనేమైపోదును?”

నేను గేటు వేసి తాళం పెట్టాను. అతను గొడవ చెయ్యలేదు. ఎదురుగా టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చున్నాడు. పోలీసులకి ఫోను చేస్తే ఒక కానిస్టేబులు వచ్చాడు. ఇద్దరూ టీ తాగారు. తర్వాత ఆయన గేటు దగ్గరకొచ్చి, “మొగుడే కదమ్మా, ప్రూఫు కూడా ఉంది. ఏదో సర్దిచెప్పి పంపించెయ్యండి,” అన్నాడు. ఆమె ప్రాణానికి భయముందని రాసివ్వడానికి సిద్ధంగా ఉందన్నాను. “రాసివ్వచ్చు. దానికీ కార్డు కావాలి,” అన్నాడు.

లోపల మా అమ్మాయి నేల మీద కూలబడి ఉంది. “నా నంబరే కొట్టాను కదాంటీ, నా నంబరే కొట్టాను కదా” అని ఒకటే మాట. చేపల చెరువు గట్టు నుంచి వచ్చిన ఆమే పక్కన కూర్చుని మా అమ్మాయి తల నిమురుతోంది. ఎవరు ఎవరిని ఓదార్చాలో ఆ గదిలో తారుమారైపోయింది.

నా దగ్గరకొచ్చి కార్డు నా చేతిలో పెట్టింది. “ఇది నా దగ్గరుంటే ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు అడుగుతారమ్మా. నాకు ఆకలైనప్పుడో, జొరమొచ్చినప్పుడో నేను కూడా తీసి చూపించేస్తాను. మీ దగ్గరుంచండి. మళ్లీ మనిషినైనప్పుడు వచ్చి తీసుకుంటా.”

వెనక తలుపు తీశాను. కాలవ గట్టున పడి వెళ్లిపోయింది. ఎక్కడికని నేను అడగలేదు. తెలిస్తే చెప్పాల్సి వస్తుంది. తెలియకపోవడం ఒక్కటే ఆమెకు నేనివ్వగలిగింది.

అతను పొద్దు వాలేదాకా కూర్చుని, లేచి, గేటు మీద చేయి వేసి అన్నాడు: “పర్లేదండీ. మళ్లీ ఎక్కడో ఏలు పెడద్ది కదా.”

ఆమె పెట్టలేదు. ఎక్కడా పెట్టలేదు.

తర్వాత చాలా రోజులకి, వానాకాలం వెళ్లాక, దివిసీమ పల్లెల్లో వాక్యం చెబుతూ తిరిగే ఒక బైబిల్ ఉమన్ మా కూడికకి వచ్చింది. లేచి ప్రార్థన అవసరత చెప్పింది. నాగాయలంక అవతల, మడ అడవుల అంచున, రొయ్యలు ఒలిచేవాళ్ల పాకల్లో ఒక మనిషి జ్వరంతో ఉందట. తోటి ఆడవాళ్లు ఆసుపత్రికి పదమని ఎంత బతిమాలినా రానంటోందట. అక్కడ కార్డడుగుతారంటోందట. “పేరేంటమ్మా అంటే, పేరు దేవుడికి తెలుసు అంటుందండీ. మన మనిషేమో అనుకున్నా, పాట పాడితే ఒక్కటీ రాదు. చిటికెన వేలు వంకర.”

నేను లేచి నిలబడ్డాను. కూడిక మధ్యలో అలా లేవడం నా జీవితంలో అదే మొదలు.

పులిగడ్డ దాటి, అవనిగడ్డ దాటి, ఆటో వెళ్లినంత దూరం వెళ్లి, మిగతాది గట్టు మీద నడిచి, మా అమ్మాయీ నేనూ చేరాం. ఆలస్యమైంది. చాపలో చుట్టి పాక ముందు పడుకోబెట్టి ఉంచారు. రొయ్యల ఐసుగడ్డలు చుట్టూ పేర్చారు. పక్క పాక ఆమె, “ఆసుపత్రి ఊళ్లోనే ఉందమ్మా, గంటలో తీసుకెళ్లేవాళ్లం. జొరం మాత్రలతో తగ్గేదేనంట. కాళ్లు పట్టుకున్నా రాలేదు,” అంది.

పంచాయతీ నుంచి వచ్చినాయన చావు రాసుకోవాలన్నాడు. “కార్డు నంబరుంటే చెప్పండి. సర్టిఫికెట్ వస్తుంది, మనిషి పేరు మీద అన్నీ సరిగ్గా ముగుస్తాయి.”

కార్డు నా సంచీలోనే ఉంది. ఆమె పేరు, తండ్రి పేరు, ఊరు, అన్నీ. తీసిస్తే ఆమెకు పేరుతో సమాధి దొరుకుతుంది. తీసిస్తే ముదినేపల్లి అవతల ఒక ఫోను కూడా మోగుతుంది. అతను వస్తాడు, ఏడుస్తాడు, భర్త కాబట్టి ఆమెను తీసుకెళ్లిపోతాడు, ఆ చెరువు గట్టుకే. మా అమ్మాయి నా మొహం వంక చూస్తోంది. నేను సంచీ జిప్పు వేసేశాను.

“తెలియదండీ,” అన్నాను.

గుర్తు తెలియని స్త్రీ అని రాసుకున్నారు. అక్కడే, ఉప్పునేలలో పాతిపెట్టాం. బైబిల్ ఉమన్ ప్రార్థన చేసింది.

అంటే లెక్క ప్రకారం ఆమె ఇప్పటికీ బతికే ఉంది. ఎక్కడో కంప్యూటర్లో ఆమె పేరు ఉంది, దానికి మొగుడి నంబరు కట్టి ఉంది. కార్డు నా బీరువాలో ఉంది. చచ్చిపోయిన మనిషి బతికున్నట్టుంది, బతికున్నన్నాళ్లూ మాత్రం బతకడానికి వీల్లేకపోయింది. దీన్ని దేవుని దగ్గర ఎన్నోసార్లు పెట్టాను. జవాబు రాలేదు. రాకపోయినా అడుగుతూనే ఉంటాను, అది నాకు అలవాటు.

ఇప్పుడు సూత్రాలు వచ్చాయి. మంచివే. అందులో ప్రతి మాటా నాకు ముందే తెలుసు. మా అమ్మకీ తెలుసు, బుధవారం కూడికలో కూర్చునే ముసలమ్మలందరికీ తెలుసు: అవసరమైనంతే చెప్పుకో, మిగతాది అడగొద్దు, తల తిప్పి చూడొద్దు. ఇంత చిన్న మర్యాద రాజ్యానికి చేరడానికి ఇంత కాలం ఎందుకు పట్టిందో నాకు తెలియదు. చేరిందో లేదో కూడా తెలియదు. ఆ కబురు విన్న వారంలోనే బీపీ మాత్రల కోసం ఆసుపత్రికి వెళ్లాను. నా ముందు ఒక చిన్నపిల్ల, చంకలో బిడ్డ. కౌంటర్లో అమ్మాయి తల ఎత్తకుండా, “ఫోను నంబరు?” అంది. “నాకు లేదండీ.” “మీ ఆయనకుందిగా, అది చెప్పు.” ఆ పిల్ల చెప్పేసింది. ఒక్కొక్క అంకె, పాఠం అప్పచెప్పినట్టు. సూత్రాల్లో ‘సమ్మతి’ అని ఒక మాట ఉందని మా అమ్మాయి చదివింది. ఆ పిల్ల కూడా సమ్మతించింది మరి. అడిగినవాళ్లు తల ఎత్తి ఉంటే తెలిసేది ఎలా సమ్మతించిందో.

ఆ ఆదివారం మెట్ల మీద మా అమ్మాయి నన్ను అడిగింది, “స్తోత్రం చెప్పరాంటీ?” అని.

“నువ్వు చెప్పు,” అన్నాను.

“నాకు రాదాంటీ. అప్పుడు మీచేత చెప్పించాను కదా.”

దాని బస్సు వేళైతే ఇద్దరం లేచాం.

రేపు మీరు ఏ కౌంటర్లోనో, ఏ కంప్యూటరు ముందో కూర్చుంటారు. ఎదుటి మనిషి చేయి చాచి, వేలు పెట్టడానికి వెనకాడితే, ఒక్క క్షణం తల ఎత్తండి. ఆ క్షణంలో, దివిసీమ చివర ఉప్పునేలలో పడుకున్న ఒక సహోదరిని జ్ఞాపకం చేసుకోండి. ఎవరని నన్ను అడగొద్దు. పేరు దేవునికి తెలుసు.